అచ్చాయమ్మ తరవాణి కుండ

మణిమంతపురం రాజు వీరభూపాలుడికి ఉన్నట్టుండి పరదేశపు వంటల పిచ్చి పట్టుకుంది. పట్టించినవాడు త్రివిక్రముడు.

ఓడలెక్కి లోకమంతా చుట్టొచ్చానని చెప్పుకునే ఈ పెద్దమనిషి రోజూ సభలో ఒక దేశపు వంట వడ్డించేవాడు, మాటలతోనే. చీనావాళ్ళు గింజలు ఉడికించి, బూజు పట్టించి, ఉప్పునీళ్ళ జాడీల్లో ఊరబెట్టి నల్లటి రసం తీస్తారట. మంగోలులు గుర్రపు పాలు తోలుతిత్తిలో పోసి గుమ్మం దగ్గర వేలాడదీస్తే, వచ్చేపోయేవాళ్ళంతా తలా కాసేపు చిలికి పులియబెడతారట.

వినీ వినీ నోరూరిన రాజుగారు ఒకనాడు అతణ్ణి వెంటబెట్టుకుని వంటశాలకు వెళ్ళారు. మూలనున్న తరవాణి కుండ మూత తీసి త్రివిక్రముడు ముక్కు మూసుకున్నాడు. గంజి పులియబెట్టిన ఈ నీళ్ళు గొడ్ల కుడితిలో పారబొయ్యమన్నాడు. ఇలాంటివి తాగించే వంటమనిషి రాజుగారికి తగదన్నాడు. రాజుగారు సరేనన్నారు. మర్నాటి నుంచి వంటశాల త్రివిక్రముడిది, వంటమనిషి అచ్చాయమ్మ ఇంటికి.

పాపం, అచ్చాయమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అత్తగారిచ్చిన కుండ అది. అడుగున పాత తరవాణి కాస్త ఉంచి, పైన కొత్త గంజి పోస్తూ, ఏనాడూ దాన్ని ఖాళీ కానివ్వలేదు. పొద్దున్నే మాగాయ టెంక నంజుకుంటూ ఆ తరవాణి తాగందే కొలువుకు రాని విదూషకుడు సోమప్పకు ఒళ్ళు మండింది. త్రివిక్రముడు ముక్కు మూసుకోవడం అందరూ చూశారు గానీ, గుటక మింగడం ఆ రోజు వాళ్ళ వెంటే ఉన్న సోమప్ప ఒక్కడే చూశాడు.

మర్నాడు సభకు సోమప్ప వెండికూజాతో, అచ్చాయమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. కూజాలోంచి కుంకుమపువ్వు, పన్నీరు వాసన గుప్పుమంటోంది. పక్కన పళ్ళెంలో ఖర్జూరాలు, బాదంపప్పు, ఓ చిన్న గిన్నెలో మాగాయ టెంకలు.

“ఒక్క మనవి మహాప్రభూ. ఇది ఏ దేశపు పానీయమో, ఎలా చేస్తారో త్రివిక్రములవారు చెప్పాలి. చెప్పలేకపోతే అచ్చాయమ్మా, కుండా ఉన్నచోటే ఉండాలి.”

రాజుగారు ఒప్పుకున్నారు. త్రివిక్రముడు లోటాలో పోయించుకుని ఒక గుక్క తాగాడు. కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. రెండో గుక్కకు లోటా ఖాళీ అయింది.

“పారసీకం,” అన్నాడు తేల్చేస్తూ. “ఇది పాదుషా పక్కన కూర్చుని తాగాను. దానిమ్మ గింజల రసం తీసి, గులాబీ రేకులు కప్పి, మంచుకొండ గుహలో...”

మాట గుహ దాకా వెళ్ళేసరికి చెయ్యి పళ్ళెం దాకా వెళ్ళింది. ఖర్జూరాలు దాటింది, బాదంపప్పు దాటింది, టెంక అందుకుంది. త్రివిక్రముడు దాన్ని నోట్లో పెట్టుకుని హాయిగా చీకసాగాడు. పన్నీరుకు ముక్కు మోసపోయింది గానీ, చిన్ననాటి అలవాటున్న చెయ్యి మోసపోలేదు.

సోమప్ప చేతులు కట్టుకుని వినయంగా అడిగాడు.

“పాదుషావారు కూడా మాగాయ టెంకే నంజుకునేవారా అండీ?”

త్రివిక్రముడు టెంక ఉమ్మలేక, మింగలేక నిలబడిపోయాడు. రాజుగారు కూజా అందుకుని తానూ రుచి చూసి, ఎక్కడిదని అడిగారు. కుడితిలో పొయ్యమన్న కుండలోదేనని సోమప్ప చెప్పాడు. రాజుగారు త్రివిక్రముడి వైపు తిరిగారు.

“నిజం చెప్పవయ్యా, ఇది నువ్వు ఎక్కడ తాగావు?”

“మా అమ్మమ్మ వంటింట్లో, మహాప్రభూ.”

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. సభంతా నవ్వింది. అచ్చాయమ్మకు బంగారు కడియం, సోమప్పకు ముత్యాలహారం అక్కడికక్కడే ఇచ్చి, ఇకమీదట చెప్పడం త్రివిక్రముడి పని, వండడం అచ్చాయమ్మ పని అన్నారు.

అచ్చాయమ్మ త్రివిక్రముడి లోటా మళ్ళీ నింపి, పక్కన ఇంకో టెంక పెట్టింది.