వంకరగా ఉన్న మూడడుగులు

1974 అక్టోబరు 19, శనివారం. తెల్లవారుజామున పడిన తుంపర ఎనిమిదింటికల్లా ఆగింది. ప్రాణహిత వైపు నుంచి చల్లగాలి, పల్చని మబ్బు, మధ్యమధ్య ఎండ. ఇంత ఖచ్చితంగా చెప్పడం నా గొప్ప కాదు. ఆనాటి క్యాంపు డైరీ ఇంకా నా దగ్గరుంది. అందులో వాతావరణం తప్ప మరేదీ నేను సరిగా రాసుకోలేదు.

మా భూగర్భశాస్త్రం మాస్టారు దాశరథయ్య గారికి అదే ఆఖరి క్యాంపు. డిసెంబరులో రిటైరవుతున్నారు. ఎవరేది అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ముందు "టీ తాగావా?" అనేవారు. తాగలేదంటే టీ, తాగామంటే ఇంకో టీ. ఆయన దగ్గర చదివిన రెండేళ్లలో నేను నేర్చుకున్న శాస్త్రం కంటే తాగిన టీ ఎక్కువ.

ఆ ఉదయం అడిగినవాడు లింగమూర్తి. మాకంటే పెద్దవాడు, మాస్టారి దగ్గర పరిశోధన చేస్తున్నాడు. మేం దిగిన చోట కోట్ల ఏళ్ల కిందట ఒక సరస్సు ఉండేది. దాని అడుగున చేరిన బురదే గట్టిపడి, వాగు కోసిన గట్టులో ముప్పై అడుగుల ఎత్తున పొరలు పొరలుగా కనిపిస్తుంది. నీళ్లు నిండుగా ఉన్న కాలపు పొరలు తెల్లన, కరువు కాలపువి ఎర్రన. లింగమూర్తి రెండేళ్లు వాటిని అంగుళం అంగుళం కొలిచి, ఆనాటి వానల చరిత్రను ఒక పటంగా గీశాడు. అయితే గట్టు నడుమ ఒక మూడడుగుల మేర పొరలు ఒక పక్క లావుగా, మరో పక్క సన్నగా వంకర తిరిగి ఉన్నాయి. పటంలో వాటిని వదిలేశాడు. నెలాఖరుకు థీసిస్ చేరితేనే జనవరిలో లెక్చరర్ ఉద్యోగానికి పిలుపు.

"సార్, నేను రాస్తున్నది వానల సంగతి. ఆ మూడడుగులు వదిలేస్తే నష్టమేమిటి?" అన్నాడు.

మాస్టారు టీ సంగతి కూడా ఎత్తకుండా, సుత్తి తీసుకుని వంటపాక వైపు నడిచారు. మేం వెంట వెళ్లాం.

అక్కడ వంట చేసే పోసక్క నీళ్ల బాన ఉంది. వాగు నీళ్లు బురదగా ఉండేవి. సాయంత్రం బాన నింపి, లోపలి అంచున చిల్లగింజ అరగదీస్తే తెల్లారేసరికి మన్నంతా అడుగుకు దిగి, పైన నీళ్లు తేటపడేవి. వచ్చిన రోజే మాస్టారు ఆమెతో అడుగు కడగవద్దని చెప్పారు. ఇరవై రోజులుగా ఆవిడ దాన్ని తన శుభ్రతకు జరిగిన అవమానంగానే భావిస్తోంది. మూడు రోజుల కిందట కొత్త బాన తెప్పించి, పాతది ఆరబెట్టించారు. ఇప్పుడు దాని చుట్టూ సుత్తితో మెల్లగా తట్టి పెంకులు ఊడదీశారు.

"కడగొద్దంటివి, ఇప్పుడు పలగ్గొడుతున్నవు. గిదేం సదువు సారూ?" అంది పోసక్క.

మాస్టారు లోపలి మట్టిముద్దను చాకుతో నిలువునా కోసి ఆమె ముందు పెట్టారు. "ఇది నువ్వే చదివిపెట్టాలి."

ఆమె వంగి చూసింది. "గీ ఎర్రది ఎగువల వాన వడ్డ నాటిది. గీ నల్లది రేగడి చేన్ల నీళ్లు." వేలు కొంచెం కిందికి జరిపింది. ఎర్రదానికి కాస్త దిగువ నుంచి, పైదాకా, పొరలు ఒక పక్క లావు, ఒక పక్క సన్నం. "ఇది వాన పని గాదు. నా బాన కింది రాయి గుంజిన్రు, బాన ఒరిగింది. గీ మహబూబే. నేను గాదని వారం సంది ఒట్లు వెడుతుండు. ఎర్రనీళ్లకు ముందు దినమే గుంజిండు, సూడున్రి."

జీపు డ్రైవర్ మహబూబ్ తల గోక్కున్నాడు. "జీపు వాగులోకి జారుతోంది. చక్రం కింద నీ జొన్నరొట్టె పెడదామనే చూశా అక్కా. సమయానికి దొరకలేదు."

అందరం నవ్వాం, లింగమూర్తి తప్ప. అతను ఆ మట్టిముద్ద ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఆ సరస్సు అడుగు ఒరిగింది సార్. ఒరుగుతూనే నిండింది" అన్నాడు. తర్వాత లేచి వాగు వైపు పరుగెత్తాడు. తన పెళ్లిలో కూడా అతను అంత సంతోషంగా కనిపించలేదు. ఆ పెళ్లికి నేను వెళ్లాను, భోజనాలు బాగున్నాయి.

మధ్యాహ్నం తిరిగొచ్చి, పొరల మందమంతా వాన లెక్కే కాదనీ, పటం మొదటి నుంచి గీయాలనీ, ఇంకో ఏడాది పడుతుందనీ చెప్పాడు. ఉద్యోగం సంగతి మాస్టారూ అడగలేదు, అతనూ ఎత్తలేదు.

సాయంత్రం మాస్టారు తన సామాను పంచారు. ఇత్తడి బిందె పోసక్కకు, గొడుగు మహబూబ్‌కు. అందరూ ఆశపడిన సుత్తి నాకిచ్చారు. నేను తర్వాత బ్యాంకులో చేరి, నలభై ఏళ్లుగా దాంతో కొబ్బరికాయలు కొడుతున్నాను. లింగమూర్తికి మాత్రం ఏమీ ఇవ్వలేదు.

"మరి నాకు సార్?" అన్నాడతను నవ్వుతూ.

మాస్టారు గట్టు వైపు చూశారు.

"ఆ మూడడుగులూ ఉన్నాయిగా. ముప్పయ్యేళ్లు నేనూ వాటిని చూసీ చూడనట్టు దాటుకుంటూనే నడిచాను."