తిరగలి తిమ్మన్న జీతం

పీతలంకలో బుర్రా వారి ఇల్లెక్కడండీ అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. చూపించి, నవ్వు ఆపుకోలేక పక్కకి తిరుగుతారు. ఆ ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు: తాతబ్బాయి, అబ్బులు, వీర్రాజు. వాళ్ళ తల్లి నూకరత్నమ్మ. నలుగురికీ తమ తెలివి మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా లేదు. "ఊళ్ళో వాళ్ళు బుర్ర ఉందో లేదో తడుముకుని చూసుకోవాలి. మాకు ఇంటిపేరులోనే ఉంది," అనేవాడు పెద్దవాడు తాతబ్బాయి.

ఆ తెలివి ఎలాంటిదంటే, ఓసారి బెండ విత్తనాల పొట్లం మీద 'చల్లని ప్రదేశంలో ఉంచవలెను' అని రాసుంది. అంతే, ముగ్గురూ రైలెక్కి అరకు వెళ్ళి, పొట్లాన్ని అక్కడో రాయి కింద ఉంచి వచ్చేశారు. ఈ ఏడు మనకి బెండకాయలు లేవేంట్రా అని నూకరత్నమ్మ అడిగితే, "అరకులో కాసుంటాయమ్మా" అన్నారు. ఆవిడా సంతోషించింది. ముగ్గురికీ నలభై దగ్గర పడుతున్నా పెళ్ళిళ్ళు కాలేదు. పిల్లనిచ్చే వాళ్ళకీ కాస్తో కూస్తో తెలివి ఉంటుంది కదా.

ఇలాంటి వాళ్ళ చేతికి ఒకరోజు ఒక కంపెనీ వచ్చింది.

అమలాపురంలో కొత్త ఫోను కొన్నారు. దాంట్లో ఓ ఆట. మనం కుస్తీ పట్టక్కర్లేదు, కుస్తీ కంపెనీ నడపాలి. మల్లుల్ని పెట్టుకోవాలి, హాలు అద్దెకి తీసుకోవాలి, టికెట్లు అమ్మాలి, వారం వారం జీతాలివ్వాలి. మన వారమే ఆటలోనూ వారం. మొదట్లో ఆటే అయిదుగురు మల్లుల్నీ యాభై వేల రూపాయల్నీ చేతికిస్తుంది. చేతికి అంటే నిజం చేతికి కాదు, తెర మీద అంకె. ఆ సంగతి మీకూ నాకూ తెలుసు. తెర మూలన కళ్ళద్దాల గుమాస్తా బొమ్మ ఒకటి. ఎప్పటికప్పుడు లెక్క చూసి, సలహా రాసి చూపిస్తుంది. ఆయన కనబడినప్పుడల్లా ముగ్గురూ లేచి నిలబడేవారు, పెద్దమనిషి కదా అని.

మల్లుల్లో ఒకడు తిరగలి తిమ్మన్న. బట్టతల, గుబురు మీసం, బానపొట్ట. వాణ్ణి చూడగానే నూకరత్నమ్మకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఒరేయ్, మా తమ్ముడు పోశియ్య అచ్చం ఇలాగే ఉండేవాడ్రా! వాడు పోయి పదేళ్ళయింది. ఆ పొట్ట చూడు, ఆ నవ్వు చూడు. వీడు నాకు తమ్ముడే."

అంతే. తల్లికి తమ్ముడైతే కొడుకులకి మావయ్యే. ఆ రోజు నుంచి పొద్దున్నే ఫోను ముందు కాఫీ గ్లాసు పెట్టేవారు. తాగకపోతే "పాపం, మొహమాటం" అనుకుని వీర్రాజు తాగేవాడు.

మొదటి పోటీ పెట్టారు. 'టికెట్ ధర నిర్ణయించండి' అన్నాడు గుమాస్తా.

"మనింటికొచ్చిన వాళ్ళ దగ్గర డబ్బులు పుచ్చుకుంటామేంట్రా? సున్నా పెట్టు," అన్నాడు తాతబ్బాయి.

ఇంకేముంది, హాలు కిటకిటలాడిపోయింది. 'అభినందనలు! ఒక్క కుర్చీ ఖాళీ లేదు' అని గుమాస్తా మెచ్చుకున్నాడు. ముగ్గురూ వీధిలో మిఠాయి పంచారు. హాలు అద్దెకీ జీతాలకీ సగం డబ్బు హరించుకుపోయింది. రెండో వారం, 'ఈసారి టికెట్ ధర పెంచండి' అన్నాడు గుమాస్తా. అప్పుడు అబ్బులు తన తెలివి బయటికి తీశాడు.

"వెయ్యి మంది దగ్గర వందేసి వసూలు చెయ్యడం ఎంత చాకిరీ అన్నయ్యా! టికెట్టు లక్ష పెడదాం. ఒక్కడొచ్చినా చాలు. కుర్చీ కూడా ఒక్కటే తుడుచుకోవచ్చు."

"నీకు రావాల్సిన ఆలోచన కాదురా ఇది, నాకు రావాల్సింది," అని తాతబ్బాయి తమ్ముణ్ణి కౌగిలించుకున్నాడు.

ఆ ఒక్కడూ రాలేదు. ఖాళీ హాల్లో మల్లులు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. గుమాస్తా మళ్ళీ వచ్చాడు, ఈసారి నవ్వు మొహం లేదు. 'ఖజానాలో మిగిలింది మూడు వేలు. తిరగలి తిమ్మన్న జీతం ఎనిమిది వేలు. ఆదివారం చెల్లించకపోతే కంపెనీ వదిలి వెళ్ళిపోతాడు.'

నూకరత్నమ్మ కంచం ముందు నుంచి లేచింది. "ఉన్న ఒక్క తమ్ముణ్ణీ ఓసారి పోగొట్టుకున్నాను. ఇంకోసారి నా వల్ల కాదురా. ఏం చేస్తారో చెయ్యండి, వాడు మాత్రం ఇల్లు కదలకూడదు," అంది. నిజంగానే అంది, నిజంగానే ఏడ్చింది. ఆవిడ ఏడుపు చూసి ముగ్గురు కొడుకులకీ అన్నం సహించలేదు.

ఏం చెయ్యాలండీ అని గుమాస్తాని అడిగారు. ఆయన రోజూ రాసేదే రాశాడు: 'లైట్లు, సౌండు, ప్రయాణాల ఖర్చు తగ్గించండి.'

అంతే, వీర్రాజు ఫోను తెర వెలుగు తగ్గించడం మొదలెట్టాడు. తగ్గించి తగ్గించి, ఏమీ కనబడకుండా చేసి, "ఎంత ఆదా అన్నయ్యా! ఇంక కరెంటు బిల్లే రాదు," అన్నాడు. సౌండు కూడా కట్టేశాడు. ఎందుకైనా మంచిదని ఇంట్లో నలుగురూ సైగలతో మాట్లాడుకున్నారు. ఉప్పు కావాలంటే నాలిక చూపించేవారు, నూకరత్నమ్మ ఏ రోగమొచ్చిందోనని కషాయం పోసేది.

ఇప్పుడు మూడో పోటీ పెట్టాలి. తెర నల్లగా ఉంది. వీర్రాజు తడుముకుంటూ ఎక్కడో నొక్కాడు. ఏం నొక్కాడో చూద్దామని వెలుగు కాస్త పెంచితే, పోటీ కాకినాడలో ఖాయమై కూర్చుంది. ప్రయాణ ఖర్చు నాలుగు వేలు. ఖజానాలో ఉన్నది మూడు.

"దీనికింత గాభరా ఎందుకు?" అన్నాడు తాతబ్బాయి. "కంపెనీ మన జేబులోనే ఉంది కదా. మనమే వాళ్ళని బస్సులో తీసుకెళ్ళిపోతే ప్రయాణ ఖర్చెక్కడిది?"

శుక్రవారం పొద్దున్నే ముగ్గురూ కాకినాడ బస్సెక్కారు.

"ఎంతమంది?" అన్నాడు కండక్టరు.

"ఎనిమిదిమందండి."

"ముగ్గురే ఉన్నారు. మిగతా అయిదుగురేరి?"

తాతబ్బాయి చొక్కా జేబు మీద మెల్లిగా తట్టాడు. "ఇందులో ఉన్నారండి. నిద్రపోతున్నారు, గట్టిగా మాట్లాడకండి."

కండక్టరు ఆ జేబు వంక చూసి, "బాబూ, మూడు టిక్కెట్లు చాలు," అన్నాడు.

"అబ్బెబ్బే, మేం అలాంటి వాళ్ళం కాదండి. గవర్నమెంటు సొమ్ము మాకొద్దు. ఎనిమిది కొట్టండి. కాదు కాదు, మా మావయ్య లావండి, ఆయనకి రెండు సీట్లు. తొమ్మిది కొట్టండి."

తొమ్మిది టిక్కెట్లకి నిజం డబ్బు నిజంగానే ఇచ్చారు. ఖాళీ సీట్లలో ఎవరు కూర్చోబోయినా, "మనుషులున్నారండి, కాలు తొక్కుతారేమో చూసుకోండి," అని అబ్బులు లేపేశాడు. ఓ ముసలావిడ కాకినాడ దాకా నిలబడే తిట్టింది.

దిగగానే సముద్రపొడ్డుకి వెళ్ళి ఆట తెరిచారు. గుమాస్తా సిద్ధంగా ఉన్నాడు. 'ప్రయాణానికి డబ్బు చాలదు. పోటీ రద్దయింది.' గోరుచుట్టు మీద రోకటిపోటు, రద్దు చేసినందుకు ఉన్న మూడు వేలూ జరిమానా.

"అయ్యా గుమాస్తా గారూ, వచ్చేశామండీ!" అని తాతబ్బాయి అరిచాడు. "ఇదిగో కాకినాడ! నమ్మకపోతే చూడండి, సముద్రం కూడా కనబడతంది!" అని ఫోనుని నీళ్ళ వైపు తిప్పి పట్టుకున్నాడు. గుమాస్తా చూశాడో లేదో గానీ, బీచిలో పల్లీలమ్మే వాళ్ళందరూ చూశారు.

ఖజానాలో సున్నా పెట్టుకుని ఇంటికొచ్చారు. నూకరత్నమ్మ డబ్బు మాట అడగలేదు. "అంత దూరం బస్సులో కుదిపి తెచ్చారు, వాడికి ఒళ్ళు హూనమై ఉంటుంది," అని కొబ్బరినూనెలో కర్పూరం వేసి వెచ్చబెట్టింది. ఫోనుని ఒళ్ళో పడుకోబెట్టుకుని, తిమ్మన్న నడుం మీద బొటనవేలితో మర్దన మొదలెట్టింది. నూనెకి వేలు జారింది. జారిన వేలు ఎక్కడో అడుగున ఉన్న బొమ్మ మీద పడింది. 'అప్పడాల కంపెనీ వారి ప్రకటనకి మీరు ఒప్పుకున్నారు. ఖజానాకి ఇరవై వేలు జమ. అభినందనలు!'

నెత్తిన పాలు పోసినట్టయింది. ముగ్గురు కొడుకులూ తల్లి కాళ్ళకి దండం పెట్టారు. "చూశారా, ఒళ్ళు పడితే మనిషి ఎంత సంపాదిస్తాడో!" అంది ఆవిడ.

ఆదివారం వచ్చింది. గుమాస్తా అడిగాడు. 'తిరగలి తిమ్మన్నకి ఎనిమిది వేలు జీతం చెల్లించమంటారా? అవును, కాదు.'

ఇరవై వేలున్నాయి. ఎనిమిది వేలివ్వాలి. 'అవును' మీద ఒక్క నొక్కు నొక్కితే కథ సుఖాంతం, నేనూ ఇంటికి పోవచ్చు. అబ్బులు వేలు అటే వెళ్ళింది కూడా. తాతబ్బాయి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగరా! మావయ్యకి జీతమేంట్రా? ఆయనేమన్నా మన దగ్గర పనోడా?"

నూకరత్నమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "నిజమేరా! నా తమ్ముడి చేతిలో కూలి డబ్బులు పెడతారా? వాడు ఎంత చిన్నబుచ్చుకుంటాడు! అలా అడగడానికి ఆ గుమాస్తాకి బుద్ధుండొద్దూ? కాదు అని నొక్కు. గట్టిగా నొక్కు."

నలుగురూ కలిసి, నాలుగు వేళ్ళతో, ఎంతో ప్రేమగా 'కాదు' అని నొక్కారు.

'తిరగలి తిమ్మన్న కంపెనీ వదిలి వెళ్ళిపోయాడు.'

తెర మీద అతనుండే చోటు ఖాళీ అయిపోయింది. నూకరత్నమ్మ ఆ ఖాళీని కొంగుతో తుడిచి చూసింది. "చెప్పకుండా వెళ్ళిపోయాడు," అంది, చాలా చిన్న గొంతుతో. నాకే జాలేసింది, ఏం చెయ్యను.

"ఎక్కడికెళ్తాడమ్మా?" అన్నాడు అబ్బులు ఉన్నట్టుండి. "ఈ ఊరు దాటాలంటే బస్సెక్కాలి కదా!"

ఇంకేముంది, ముగ్గురూ ఊరి చివర బస్సులాగే చోటికి పరుగు తీశారు. అక్కడ బల్ల మీద ఒకాయన కూర్చున్నాడు. బట్టతల, గుబురు మీసం, బానపొట్ట. పక్కన గుడ్డసంచి. పేరు కోటిలింగం, ఊరూరా తిరిగి గొడుగులు బాగుచేసుకుంటాడు. పొద్దుట్నుంచీ బేరం లేదు, ఆకలి మీద ఉన్నాడు.

"మావయ్యా!" అని ముగ్గురూ ఆయన మీద పడ్డారు. "అలిగితే మాత్రం ఇలా వచ్చేస్తారా?"

"ఎవరండీ మీరు? నేను గొడుగులు బాగుచేసేవాణ్ణండీ!"

తాతబ్బాయి తమ్ముళ్ళ వైపు బాధగా చూశాడు. "చూశారా ఎంత కోపమో! చుట్టరికమే తెంపేశాడు." చెరో రెక్కా పట్టుకున్నారు, వీర్రాజు సంచి నెత్తికెత్తుకున్నాడు, ఇంటికి తెచ్చేశారు.

గుమ్మంలో తమ్ముణ్ణి చూసి నూకరత్నమ్మ వలవల ఏడ్చింది. విస్తరి వేసింది. పనసపొట్టు కూర, కోడి పలావు, నెయ్యి కారుతున్న బొబ్బట్లు. కోటిలింగం "అమ్మా, నేను మీ తమ్ముణ్ణి..." అని మొదలెట్టి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నోట్లో ముద్ద ఉండగా మాట్లాడకూడదు. ముద్దలు ఆగలేదు, అందుకని ఆ మాట పూర్తి కాలేదు.

ఆయన చెయ్యి కడుక్కోగానే పీట వేసి, దాని మీద ఫోను పెట్టి, చుట్టూ నీళ్ళు చిలకరించారు. ముగ్గురూ చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఇంక లోపలికి దయచెయ్యి మావయ్యా. ఆరింటికి పోటీ ఉంది."

కోటిలింగం ఫోను వంక చూశాడు. నాలుగు మొహాల వంకా చూశాడు. తర్వాత వంటింట్లో మిగిలిన బొబ్బట్ల వంక చూశాడు. మనిషి గొడుగులు బాగుచేసేవాడే గానీ, బుర్ర ఇంటిపేరులో కాకుండా ఉండాల్సిన చోటే ఉన్నవాడు.

"ఇంత తిన్నాక అందులో పట్టనండి. అరిగాక వెళ్తాను," అన్నాడు.

న్యాయమే అనుకున్నారు నలుగురూ. అరిగే దాకా కాళ్ళు పట్టారు. అరిగే వేళకి ఆకలేస్తుందని మళ్ళీ పెట్టారు. అలా పదకొండు రోజులైంది. పూటపూటా పెడుతూనే ఉన్నారు, ఏంటో గానీ అరగడం లేదు. నూకరత్నమ్మ మాత్రం కడుపునిండా నవ్వుతోంది, కడుపునిండా తింటోంది. పన్నెండో రోజు అన్నదమ్ములు కూర్చుని ఆలోచించారు. తప్పు మావయ్యది కాదు, ఫోనుది.

అమలాపురంలో ఫోను కొన్న షాపుకే వెళ్ళారు. తాతబ్బాయి జేబులోంచి బారెడు కొబ్బరితాడు తీసి, రెండు కొసలూ ముడేసి కౌంటరు మీద పెట్టాడు.

"ఇదేంటండీ?" అన్నాడు షాపాయన.

"మా మావయ్య నడుం కొలతండి. దీనికి సరిపోయే ఫోనొకటి చూపించండి. కాస్త వదులుగానే ఇవ్వండేం, ఆయనింకా పెరుగుతున్నాడు."