దేవగన్నేరు ఆకు అడుగున

అనగనగా, పిల్లలూ, ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక సెలయేరు. ఆ సెలయేటి గట్టున పొదలా గుబురుగా పెరిగిన ఒక పాత దేవగన్నేరు ఉండేది.

ఆ అడవిలో ఒక ఆచారం ఉండేది. ఎవరి ఇంట ఎవరు కన్నుమూసినా, ఆ ఇంటివారికి దేవగన్నేరు కొమ్మ ఒకటి ఇచ్చేవారు. వారు దానిని తమ గుహ ముందో, పొద పక్కనో నాటుకునేవారు. పోయినవారిని తలచుకుంటూ దానికి నీళ్ళు పోసేవారు. అది మొదటిసారి పూసిన రోజున వారి మనసు కొంచెం కుదుటపడేది.

కొమ్మలు కోసి ఇచ్చే పని వెండెమ్మది. వెండెమ్మ ఒక ముసలి కొండముచ్చు. కొమ్మ కోసి, పాలు కారనిచ్చి, ఆకులన్నీ తుంచి, వారం రోజులు నీడన ఆరబెట్టి, అప్పుడు చేతికిచ్చేది.

"నా చేతి కొమ్మ ఎండిందని ఇంతవరకు ఎవరూ అనలేదు," అని చెప్పుకునేది. అది నిజమే. ఆ మాట అన్నప్పుడల్లా ఆమె తోక కొంచెం పైకి లేచేది.

ఒక వానాకాలం ఉదయాన వెండెమ్మ ఆకులపై చిన్న చిన్న పసుపు చుక్కలు చూసింది. ఒక ఆకు తిప్పి చూసింది. అడుగున కాషాయ రంగు పొడి దట్టంగా ఉంది. తాకితే వేళ్ళకు అంటుకుంది. మచ్చలున్న ఆకులను గబగబా కోసి, ఎవరి కంటా పడకుండా చెట్టు మొదట్లోనే ఎండుటాకుల కింద దోపింది.

అప్పుడే అటువైపు ముల్లయ్య వచ్చాడు. ముల్లయ్య ఒక ఏదుపంది. దుంపల కోసం నేల తవ్వుతూ తిరుగుతాడు కనుక, మొక్కల బాగోగులు అతనికి బాగా తెలుసు.

"వెండెమ్మక్కా, ఆ వేళ్ళకు ఆ రంగేమిటి? పేరంటానికి వెళ్ళొచ్చావా?" అని అడిగాడు.

"పుప్పొడి," అంది వెండెమ్మ, చేతులు వెనక్కి పెట్టుకుని.

ఆనాటి నుండి ఆమె ప్రతి సాయంకాలం సొరకాయ బుర్రతో ఆకులపై నీళ్ళు కుమ్మరించసాగింది. పొడి కడుక్కుపోతుందని ఆమె ఆశ. కాని ఆకులు రాత్రంతా తడిగా ఉండిపోయేవి. చిమ్మిన నీటితో పొడి కింది కొమ్మలకూ పాకింది. మచ్చలు రెట్టింపయ్యాయి. ఆకులు రాలసాగాయి.

ముల్లయ్య మళ్ళీ వచ్చాడు.

"ఆకులు ఇంతగా రాలుతున్నాయేమక్కా?"

"ఎండకు."

"నాలుగు రోజులుగా ముసురు పట్టి ఉంది. నీ ఒక్కదానికే ఎండ కాస్తోందా?" అని నవ్వి, అతను గొంతు తగ్గించాడు. "ఇది తుప్పు తెగులేమో. ఆకు అడుగున చూశావా?"

"నీ ఒంటి మీదే కాదు, నోట్లోనూ ముళ్ళే," అంది వెండెమ్మ. "ఈ చెట్టును నాకంటే ఎక్కువ ఎరిగినవారెవరు?"

ముల్లయ్య దుంపలు తవ్వుకోవడానికి వెళ్ళిపోయాడు.

మూడవసారి వచ్చింది ముల్లయ్య కాదు. చుక్కమ్మ అనే దుప్పి. వరద వచ్చిన రోజున ఆమె పసికూన సెలయేరు దాటుతూ కొట్టుకుపోయింది. చుక్కమ్మ చెట్టుకు కొంచెం దూరంలో నిలబడింది.

"పెద్దమ్మా, నాకొక కొమ్మ కావాలి," అంది.

చెట్టుకు జబ్బు చేసింది, కొన్నాళ్ళు ఆగమ్మా అంటే సరిపోయేది. ఆ మాట వెండెమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి, అక్కడే ఆగిపోయింది.

ఆమె కొమ్మ కోసింది. ఆకులు తుంచింది. అయితే చివరనున్న రెండాకులను మాత్రం ఉంచేసింది. ఆకులు రాలుతున్న చెట్టు నుండి ఎప్పటిలా బోడి కొమ్మ ఇస్తే, ఈసారి చెట్టు బాగోలేదని అనుకుంటారేమోనని ఆమె భయం. ఆ రెండాకుల అడుగును బొటనవేలితో తుడిచి ఆరబెట్టింది. వారం గడిచాక చుక్కమ్మకు ఇచ్చింది.

నెల తిరిగింది. ఒకనాడు చుక్కమ్మ మళ్ళీ వచ్చింది. ఆమె మూతి నిండా కాషాయ రంగు పొడి. కూనను నాకినట్టే ఆమె రోజూ ఆ ఆకులను నాకేదట.

"పెద్దమ్మా, నీ ముందు నిలబడడానికి నాకు ముఖం లేదు," అంది చుక్కమ్మ తల వంచుకుని. "చిగుళ్ళన్నీ మచ్చలై రాలిపోయాయి. నీ చేతి కొమ్మ ఎవరింటా ఎండలేదు. నా దగ్గరే ఎండుతోంది. బిడ్డనూ చూసుకోలేకపోయాను, కొమ్మనూ చూసుకోలేకపోయాను."

వెండెమ్మకు తల ఎత్తబుద్ధి కాలేదు. తప్పు చేసినది తాను. తల వంచుకున్నది చుక్కమ్మ. ఆ సిగ్గు ఆమె చేతులను తన వెనుక నుండి ముందుకు లాగింది. వేళ్ళ సందుల్లో ఆ పొడి ఇంకా ఉంది.

"తప్పు నీది కాదమ్మా," అంది. "జబ్బు నా చెట్టుది. తెలిసే ఇచ్చాను. నా పేరు పోతుందని చెప్పలేదు."

చుక్కమ్మ ఆ వేళ్ళ వైపు చూసింది.

"ఆగమంటే ఆగేదాన్ని," అని మాత్రం అని, వెళ్ళిపోయింది.

వెండెమ్మ ముల్లయ్య బొరియ దగ్గరకు వెళ్ళింది. అతను ఎత్తిపొడవలేదు. అది ఆమెకు ఇంకా భారమైంది.

"మచ్చపడిన ఆకును బాగుచేసే మందు నాకు తెలియదక్కా," అన్నాడు. "రాబోయే ఆకులనే కాపాడుకోవాలి. రాలినవీ, చెట్టుమీదివీ అన్నీ ఏరి దూరంగా లోతుగా పాతిపెడదాం. ఇరుకుగా ఉన్న కొమ్మలు కొన్ని తీసేస్తే గాలి ఆడుతుంది. నీళ్ళు పొద్దున్నే, చెట్టు మొదట్లోనే పోయాలి. ఒక చెట్టును తాకిన చేతులు కడగకుండా ఇంకొక చెట్టును తాకకూడదు."

ముల్లయ్య గొయ్యి తవ్వాడు. వెండెమ్మ చెట్టు మొదట్లో తాను దాచిన ఆకులనుండే మొదలుపెట్టింది. సాయంత్రానికి ఆ పాత చెట్టు అడవిలో అందరి ముందూ బోడిగా నిలిచింది.

పొడి గాలికి ఎగిరి మిగతా చెట్లకూ చేరి ఉంటుందని, మరునాటి నుండి ఆమె గడపగడపకూ వెళ్ళింది. "తెగులు నా దగ్గర నుండే వచ్చింది. మీ చెట్టు చూడనివ్వండి," అని ప్రతిచోటా చెప్పింది. ఎలుగుబంటి ఆమెను గుహ బయటే నిలబెట్టి మాట్లాడింది. అప్పటి మాట ఎలా విన్నదో, నక్క, "పుప్పొడి తగ్గిందా?" అని అడిగింది. వెండెమ్మ మచ్చల ఆకులు కోసింది, చేతులు కడుక్కుంది, పక్క ఇంటికి వెళ్ళింది. చివరికి చుక్కమ్మ కొమ్మ దగ్గరకు వెళ్ళినప్పుడు, చుక్కమ్మ వారించలేదు. పలకరించనూ లేదు. కొమ్మ సగం వరకు ఎండిపోయింది. ఆ సగాన్ని వెండెమ్మ కోసి, మిగిలిన మోడును మాత్రం ఉంచింది.

చలికాలం గడిచింది. ఎండాకాలం మొదట్లో పాత చెట్టు చిగిర్చింది. ఒక ఉదయాన చుక్కమ్మ వచ్చింది.

"మోడుకు ఒక చిగురు వచ్చింది," అంది. కొంచెం ఆగి, "అడుగున చూశాను. ఏమీ లేదు," అంది.

"రేపూ చూడమ్మా," అంది వెండెమ్మ.

చుక్కమ్మ తల ఊపింది. మరునాడు అదే మాట చెప్పడానికి మళ్ళీ వచ్చింది.

ఆనాటి నుండి ఆ అడవిలో ఆచారం కొద్దిగా మారింది. ఎవరికి కొమ్మ ఇవ్వాలన్నా, వెండెమ్మ ముందుగా వారిని చెట్టు దగ్గరకు పిలిచి, ఆకులను ఒక్కొక్కటిగా తిప్పి, అడుగు చూపించేది. తన చేతి కొమ్మ ఎండలేదన్న మాట మాత్రం మళ్ళీ ఎన్నడూ అనలేదు.

నీతి: తప్పును కనబడిన రోజునే చెప్పుకుంటే కలిగే సిగ్గు చిన్నది, దాచిపెడితే, ఏ తప్పూ ఎరుగనివారు దానిని తమదనుకుని మోయవలసి వస్తుంది.