ఊరితేనే ఊరు

ఈ మాట ఇంతవరకు నోరు విప్పి ఎవరితోనూ అనలేదు. "ఏ ఊరమ్మాయ్ మీది?" అని అడిగితే నేను పక్కనున్న పట్నం పేరు చెబుతాను. మా మెలికవాడ వంకర వీధులంటే నాకు సిగ్గు. మూడు నెలల కిందట మా నాగరత్నం అత్త ఫోన్ చేసింది. "మన ఊరి కథ రాసివ్వవే, కింద నీ పేరు, ఊరి పేరు వేసి పంచాయతీ గోడ మీద రాయిస్తాం" అంది. తీరిక లేదని అబద్ధమాడాను.

ఆ కథ ఇదీ.

ఏ రాజ్యమని అడక్కండి, ఒకానొక రాజ్యం. దానికి రణధ్వజుడు రాజు. ఆయన తన మంత్రి ఋజువర్మతో ఒకనాడు, "ఊళ్ళు పుట్టడానికి తరాలు పడతాయంటారే! నేను తలుచుకుంటే నెల చాలదూ?" అన్నాడు.

"చాలదా మహాప్రభూ! నెలెందుకు, పక్షం చాలు" అన్నాడు మంత్రి.

అన్నట్టే రణధ్వజపురం లేచింది. తాడు పట్టి గీసినట్టు వీధులు. ఒకే ఎత్తున అరవై ఇళ్ళు. శాస్త్రం తప్పకూడదని మంత్రి గుమ్మాలన్నీ తూర్పుకే పెట్టించాడు.

అంతా బాగుంది. ఉండడానికే ఎవరూ రాలేదు.

రాజుగారికి తల కొట్టేసినట్టయింది. మంత్రి ఉపాయం చెప్పాడు. "వాగవతల మెలికవాడ అని ఒక వంకర ఊరుంది ప్రభూ. శుక్రవారానికల్లా దాన్ని పడగొట్టించి, జనాన్ని ఇక్కడికి తోలిద్దాం."

ఈ మాట వంటశాలలో ఊరగాయలు పెట్టే గవరమ్మ చెవిన పడింది. మెలికవాడ ఆమె పుట్టిల్లు. గవరమ్మ ఏడవలేదు. మర్నాడు పొద్దున్నే లేచి మామిడికాయలు కొట్టింది. మధ్యాహ్నం రాజుగారి విస్తరిలో, బంగారు గిన్నెలోంచి తీసి, ఆవకాయ వడ్డించింది.

రాజుగారు ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాడు.

"థూ! ఏమిటిది గవరమ్మా? ఉప్పు ఉప్పులాగా, కారం కారంలాగా, ముక్క ముక్కలాగా ఉంది!"

"ఏం తక్కువైంది ప్రభూ? కాయ మేలైనది. ఆవపిండి, ఉప్పు, కారం, నూనె అన్నీ కొలత ప్రకారం వేశాను. గిన్నె చూస్తే బంగారంది. పొద్దున మొదలెట్టి మధ్యాహ్నానికల్లా పెట్టేశాను."

"అన్నీ ఉంటే సరా? ఊరొద్దూ!"

గవరమ్మ చేతులు జోడించింది. "ఏలినవారు నా నోట్లో మాట అనేశారు. రణధ్వజపురానికీ అదే వచ్చింది ప్రభూ. అన్నీ ఉన్నాయి, ఊరలేదు."

మంత్రి గద్దించాడు. "ఏమే, ఊరగాయకీ ఊరికీ సాపత్యమా?"

"ఊరితేనే కదండీ మంత్రిగారూ, ఊరు! మా మెలికవాడ వీధి వంకరంటారు. చింతాలమ్మ గేదె దారి మధ్యలో ఈనిందని జనం నెల్లాళ్ళు దాని పక్కనుంచి తిరిగి నడిచారు. గేదె లేచెళ్ళినా దారి అక్కడే ఉండిపోయింది. కుమ్మరి ఆవం పొగ కళ్ళల్లో పడుతోందని ఇంకో మలుపు తిప్పారు. ఒక్కో వంకరకీ ఒక్కో కథ. మరి మీ ఊళ్ళో? గుమ్మంలో నిలబడితే ముందింటి వెనకగోడ కనిపిస్తుంది. పోట్లాడుకోడానికి ఎదురిల్లన్నా లేని చోట ఎవరుంటారు బాబూ?"

రాజుగారి మీసం కింద నవ్వు కదిలింది. అయినా బింకంగా అడిగాడు. "సరే, నా ఊరు ఎప్పటికి ఊరుతుంది? నేనేం చెయ్యాలి?"

"మంచినీళ్ళ బావి ఒకటి తవ్వించండి. గుమ్మాలు ఎదురెదురుగా తిప్పించండి. ఆ తర్వాత..."

"ఆ తర్వాత?"

"ఏలినవారు ఊరుకోండి."

వడ్డించేవాళ్ళ చేతులు ఆగిపోయాయి. రాజుని ఊరుకోమనడమా! మంత్రి అయితే భటుల కోసం అటూ ఇటూ చూశాడు.

రణధ్వజుడికి ముందు పొలమారింది. తర్వాత విస్తరి ముందే కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఊరుకున్నాం గవరమ్మా, ఊరుకున్నాం! మెలికవాడ జోలికి ఎవరూ వెళ్ళరు. ఇంకేం కావాలో కోరుకో."

"కొత్త ఊళ్ళో మొదటి ఇల్లు మంత్రిగారికి ఇప్పించండి. ఎదురిల్లు నాకు. పోట్లాట ఎవరో ఒకరు మొదలెట్టాలిగా!"

రాజుగారు మళ్ళీ నవ్వి, ఆ ఇంటితో పాటు బంగారు గిన్నె కూడా ఆవిడకే ఇచ్చేశాడు. ఏడాది తిరిగేసరికి, వాళ్ళిద్దరి తగువు వినడానికి వచ్చినవాళ్ళతోనే అరవై ఇళ్ళూ నిండాయట.

మెలికవాడలో గేదె మలుపు ఇప్పటికీ ఉంది. నేను నడక నేర్చుకున్నది దాని మీదే.

మూడు నెలలు ఊరుకున్నాను. ఊరింది చాలు. అత్తకి ఇప్పుడే ఫోన్ చేస్తాను.