వినపడలేదన్న అడుగమ్మ

ఒకప్పుడు రాళ్లకు ఏదీ గుర్తుండేది కాదు. సముద్రంలో ఒక చేప చచ్చి అడుక్కి పడిందంటే చాలు, పీతలు ఒకవైపు, నత్తలు ఒకవైపు, పురుగులు ఒకవైపు బంతి కట్టి కూర్చునేవి. పొద్దు వాలేలోగా ముల్లు కూడా మిగిలేది కాదు. నేల మీద గీత ఏదైనా మిగిలితే అలలు వచ్చి తుడిచేసేవి. ఆ తర్వాత నేల గట్టిపడి రాయయ్యేది. వట్టి రాయి. లోపల ఏమీ ఉండేది కాదు.

ఆ రోజుల్లో ఒక వెచ్చటి సముద్రం అంచున, పగడాల గట్టు చాటున, పెద్ద మడుగొకటి ఉండేది. గట్టుకు ఒక్కచోటే సందు. రావాలన్నా పోవాలన్నా అదే దారి.

ఆ మడుగు అడుగున ఉండే నీళ్ల పేరు అడుగమ్మ.

అడుగమ్మ మొదటినుంచీ అడుగున లేదు. ఆమె కూడా పైన గాలితో గంతులేసినదే. సూర్యుడు రోజూ వచ్చి, "నీలో తేటనీళ్లు కాసిని ఇవ్వవే" అని అడిగేవాడు. ఇచ్చింది. ఇచ్చినకొద్దీ లోపల ఉప్పే మిగిలింది. ఉప్పు పెరిగినకొద్దీ ఒళ్లు బరువెక్కింది. ఒకరోజు కాలు జారినట్టు జర్రున అడుక్కి దిగిపోయింది.

పైనున్న చెల్లెళ్లు తొంగి చూశారు. "అయ్యో అక్కా! ఎంత బరువెక్కావే! ఇంక పైకి రాలేవా?" అని పకపకా నవ్వారు.

ఆ నవ్వు అడుగమ్మకు గుచ్చుకుంది. అప్పుడు తిప్పిన మూతి మళ్లీ నేరుగా పెట్టలేదు.

ఎవరిని చూసినా ఆమెకు చులకనే. తళతళలాడుతూ చేప పోతే, "ఒంటినిండా పొలుసులే గాని, బుర్రలో ఒక్క పలుకు లేదు" అనేది. జెల్లీచేప గొడుగులా ఊగుతూ పోతే, "నీళ్లలో నీళ్లు. దీనికో పేరు, దీనికో షికారు!" అనేది.

అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది సుద్దమ్మ. సుద్దమ్మ అంటే సున్నపు పిండి. పైనుంచి చప్పుడు లేకుండా, మెత్తగా, రోజూ కొంచెం కొంచెం రాలేది. "వచ్చావా? నా నెత్తిన పిండి జల్లకపోతే నీకు పొద్దుపోదా?" అని అడుగమ్మ విసుక్కునేది. సుద్దమ్మ ఏమీ అనేది కాదు. రాలి, నేల మీద సర్దుకుని పడుకునేది.

అడుగమ్మ దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు. వస్తే బతకరు. అంత ఉప్పు! ఒక పురుగు ముక్కు పెట్టి చూసి, వెనక్కి తిరక్కుండానే చచ్చింది. ఒక నత్త కొమ్ములు ముడుచుకుని పారిపోయింది. "పోండి, పోండి! మీరెక్కడ, నేనెక్కడ!" అని అడుగమ్మ మురిసిపోయేది.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం పెనుగాలి లేచింది. పెద్ద అల ఒకటి గట్టు దాటి దూకుతూ, ఒక మూకుడుపీతను తెచ్చి మడుగులో విసిరేసింది.

మూకుడుపీత అంటే చూడ్డానికి అచ్చం బోర్లించిన మూకుడే. కింద కాళ్లు, వెనక సూదిలాంటి పొడుగాటి తోక. ఇది కాస్త వయసు మళ్లినది. మా వంశమంత పాతది ఈ సముద్రంలో లేదని దానికి మహా గొప్ప. పాపం, ఆ గొప్పంతా వెల్లకిలా వచ్చి అడుగమ్మ ఒళ్లో పడింది. కాళ్లన్నీ పైకి పెట్టి గిలగిలా కొట్టుకుంది.

అడుగమ్మ విరగబడి నవ్వింది. "ఎవరయ్యా నువ్వు? పొయ్యి మీంచి జారిపడ్డావా?"

మూకుడుపీత తోక నేలకు తన్నిపెట్టి, ఒంటిని ఒక్క ఊపు ఊపి, బోర్లా తిరిగింది. మీద పడ్డ సుద్ద దులుపుకుంది.

"ఇంటికొచ్చినవాణ్ణి చూసి నవ్వడమేనా ఇక్కడి మర్యాద?" అంది.

"పిలిస్తే వచ్చావా, మర్యాద చెయ్యడానికి?"

"మా వంశం వయసెంతో తెలుసా నీకు? ఈ గట్టుకు ఒక్క పగడమైనా పుట్టకముందే మా తాతలు ఇక్కడ నడిచారు."

"అంత పాత మూకుడువి కాబట్టే బయట పారేసి ఉంటారు."

మూకుడుపీతకు ఒళ్లు మండింది. ఉప్పుకు అప్పటికే కళ్లు కూడా మండుతున్నాయి. "నీతో నాకేం మాటలు! నా దారిన నేను పోతాను."

"దారి తెలుసా?"

"మాకు తెలియని దారా!" అని ఎడమవైపు తిరిగింది.

సందు కుడివైపున ఉంది.

అడుగమ్మకు తెలుసు. మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ, 'అడిగితే చెబుతాను. అడక్కుండా చెప్పడానికి నేనేమైనా వీడి ఇంట్లో పనిమనిషినా?' అనుకుని నోరు మూసుకుంది.

మూకుడుపీత నడిచింది. మెత్తటి సుద్ద మీద అటూ ఇటూ కాళ్ల గుర్తులు, నడుమ తోక ఈడ్చిన గీత. పోయి పోయి, వంపు తిరిగి, మళ్లీ మొదటి చోటికే వచ్చింది. నేలకేసి చూసి ఆగింది.

"ఆహా! మావాళ్లెవరో ఇటు నడిచారు. చెప్పానా, ఇది మా తాతల దారని!"

"నీ కాళ్లే నీకు చుట్టాలయ్యాయా?" అని అడుగమ్మ కడుపుబ్బ నవ్వింది.

మూకుడుపీత తలెత్తలేదు. మళ్లీ బయలుదేరింది. ఈసారి అడుగులు చిన్నవయ్యాయి. మధ్యలో ఒకచోట కూలబడింది. కాసేపటికి, ఎవరితోనూ కాదన్నట్టు చెప్పుకుంది.

"ఈ పౌర్ణమికి మావాళ్లంతా ఇసుక ఒడ్డున కలుస్తారు. నేను లేకుండా ఎప్పుడూ మొదలుపెట్టలేదు."

"నువ్వు పోకపోతే చంద్రుడు పైకి రాడు కాబోలు!"

మూకుడుపీత లేచి నిలబడింది. నిలబడడానికే చాలాసేపు పట్టింది. అప్పుడు, చాలా మెల్లగా, సిగ్గుపడుతూ అంది.

"సందు... ఎటమ్మా?"

అడుగమ్మకు వినపడింది. ఒక్క అక్షరం పోకుండా వినపడింది. చెల్లెళ్లు నవ్విన తర్వాత ఆమెను ఎవరూ ఏదీ అడగలేదు. ఇంత గొప్పవాడు, ఇంత పాత వంశంవాడు తనను అడిగాడు! ఆ మాట ఇంకొక్కసారి వినాలనిపించింది. ఇంకాస్త గట్టిగా, పైన చెల్లెళ్లకు కూడా తెలిసేటట్టు.

"ఏమన్నావ్?" అంది. "వినపడలేదు."

మూకుడుపీత ఆమె వంక చాలాసేపు చూసింది.

"ఏమీ అనలేదు" అంది. అని, నడిచింది.

'పోనీ, ఎక్కడికి పోతాడు? తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాడుగా. ఈసారి నోరు తెరవగానే చెప్పేస్తాను' అనుకుంది అడుగమ్మ.

చూస్తూ ఉంది. అడుగుకూ అడుగుకూ మధ్య ఎడం తగ్గింది. తోక గీత వంకర పోయింది. ఒకచోట కాళ్లు జారి, నేల కాస్త లేచి, మళ్లీ సర్దుకుంది. ఆ తర్వాత మూకుడుపీత ఆగిపోయింది.

అడుగమ్మ చూసింది. ఇంకాసేపు చూసింది.

"ఓయ్ మూకుడూ! అలిగావా?"

పలుకు లేదు.

"సరే, సరే, వినపడింది లేవయ్యా! కుడివైపు. సందు కుడివైపున ఉంది."

కదలిక లేదు.

"కుడివైపయ్యా!" అని అడుగమ్మ గొంతు చించుకుని అరిచింది. మడుగంతా, గట్టు సందు అవతలదాకా మోగింది. పైన చెల్లెళ్లు గంతులాపి తొంగి చూశారు. మూకుడుపీత మాత్రం తిరిగి చూడలేదు.

చావు వాసన ఎంత దూరమైనా పోతుంది. సాయంత్రానికి గట్టు సందు దగ్గర గండుపీత వచ్చి నిలబడింది. సముద్రంలో చచ్చినవాటిని పంచిపెట్టే పెద్ద అది. వెనక నత్తలు, పురుగులు, పీత పిల్లలు.

"అడుగమ్మా, చచ్చిందేదైనా మాది. ఎప్పటినుంచో వస్తున్న పద్ధతి ఇది. మేం లోపలికి రాలేం, నువ్వే ఇటు తోసెయ్" అంది.

"తొయ్యను."

గండుపీత డెక్కలు టకటకలాడించి నవ్వింది. "ఓహో! ఎంత ప్రేమ పుట్టుకొచ్చింది! బతికుండగా దారి చెప్పడానికి నోరు రాలేదు గాని, చచ్చాక ఒళ్లో పెట్టుకుంటావా?"

వెనకున్నవన్నీ ఇకఇకలాడాయి. అడుగమ్మ ఎప్పటిలా తిరిగి ఒకటి అనాలని నోరు తెరిచింది. అది అన్నది నిజం. నిజానికి ఎదురు ఏమంటుంది?

అప్పుడు పైనుంచి చెల్లెళ్లు అన్నారు. "అక్కా, గాలిని పిలుచుకుని మేం ఒక్కసారి దిగుతాం. నేలంతా చక్కగా ఊడ్చేస్తాం. ఆ అడుగులన్నీ పోతాయి. ఎడమకు తిరిగింది, మళ్లీ ఇక్కడికే వచ్చింది, కూలబడింది, ఏదీ కనపడదు. ఇక్కడ ఏం జరిగిందో ఎవరికీ తెలీదు. నీ మనసూ తేలికపడుతుంది."

అడుగమ్మ ఆ అడుగుల వంక చూసింది. కూలబడిన చోటు దగ్గర, 'సందు ఎటమ్మా' అని అడిగిన చోట, కాళ్ల గుర్తులు కాస్త లోతుగా ఉన్నాయి. అక్కడ నిలబడి తన జవాబు కోసం ఆగాడు కాబట్టి.

"వద్దు" అంది. "ఎవరూ ముట్టుకోవద్దు."

తర్వాత సుద్దమ్మ వైపు తిరిగింది. ఏమని పిలవాలో తెలియలేదు. ఇన్నాళ్లూ తిట్టడమేగాని పిలిచింది లేదు. చివరికి చాలా మెల్లగా పిలిచింది.

"సుద్దమ్మా... కాస్త కప్పుతావా?"

అంత చిన్న మాట. వినపడలేదంటే సరిపోయేది.

"వినపడింది" అంది సుద్దమ్మ. ఆమె గొంతు అడుగమ్మ వినడం అదే మొదటిసారి. "కప్పుతాను. కానీ నాది మెల్లటి చెయ్యి. నేను రాలుతున్నంతసేపు నువ్వు కదలకూడదు. పక్కకు ఒత్తిగిల్లినా ఈ అడుగులు చెదిరిపోతాయి."

"ఎంతసేపు?"

"గట్టిపడేదాకా. ఎంతసేపో నాకూ తెలీదు."

"సరే" అంది అడుగమ్మ.

సుద్దమ్మ రాలింది. ముందు మూకుడు మీద ఒక పొర. తర్వాత తోక గీత మీద. తర్వాత ఒక్కొక్క అడుగులోకి, ఎత్తు పల్లం చెరగకుండా, మెత్తగా.

అడుగమ్మ కదల్లేదు. గాలివానలొచ్చి ఊపినా కదల్లేదు. చెల్లెళ్లు "రాయే, ఒక్కసారి పైకి రాయే" అని పిలిచినా కదల్లేదు. గండుపీత మంద సందు దగ్గర నెలల తరబడి కాపు కాసి, "దీనికి పిచ్చెక్కింది" అని ఉమ్మి వెళ్లిపోయింది.

ఆ తర్వాత మడుగులోకి ఇంకా ఎవరెవరో వచ్చి పడ్డారు. అడుగమ్మ నోరు మాత్రం అట్టే మారలేదు. "ఇదిగో ఇంకో తెలివితక్కువది!" అనేది. కానీ ఆ వెంటనే, అవతలివాళ్లు అడగకముందే, "కుడివైపు! సందు కుడివైపు! నిలబడకు, పో!" అని అరిచేది. పోగలిగినవి పోయాయి.

పోలేనివి ఆమె ఒళ్లో ఆగిపోయాయి. ఒడ్డునుంచి గాలికి కొట్టుకొచ్చిన తూనీగ. ఈకలున్న చిన్న పిట్ట. ఎముకన్నదే లేని జెల్లీచేప.

"రెక్కలున్నాయి గాని ఎగరడం రాదా నీకు?" అని తూనీగను కసిరింది. కసిరి, ఆ రెక్క మడత పడకుండా నేల మీద సర్దుకునే వరకు ఊపిరి బిగబట్టి ఉంది. సుద్దమ్మ ఒక పొర కప్పింది. పిట్ట మీద ఒక పొర. నీళ్లలో నీళ్లని తాను వెక్కిరించిన జెల్లీచేప మీద మరింత పలచగా, మరింత జాగ్రత్తగా, ఇంకో పొర.

ఎన్ని వేల ఏళ్లు గడిచాయో! సముద్రం వెనక్కి పోయింది. మడుగు ఇంకిపోయింది. చివరి చుక్కదాకా అడుగమ్మ కదల్లేదు. సుద్దమ్మ పరిచిన పొరలన్నీ ఒకదాని మీద ఒకటి అణిగి, గట్టిపడి, సున్నపురాయి అయ్యాయి.

అప్పటినుంచే ఆ రాయి పలకలు పలకలుగా విడుతుంది. అప్పటినుంచే దాని పొరల్లో తూనీగ రెక్క ఈనెలతో సహా ఉంటుంది, పిట్ట ఈక ఈకగా ఉంటుంది, ఎముక లేని జెల్లీచేప కూడా గొడుగు విప్పుకుని ఉంటుంది. ఉలి పెట్టి మెల్లగా తడితే ఒక్కోసారి పొడుగాటి పలక ఒకటి ఊడొస్తుంది. దాని మీద అటూ ఇటూ కాళ్ల గుర్తులు, నడుమ తోక గీత. ఆ గుర్తుల వెంట వేలు పెట్టి పోతే వేలు ఎడమకు తిరుగుతుంది, మళ్లీ తిరుగుతుంది, ఒక లోతైన అడుగు దగ్గర కాస్త దిగబడుతుంది. అక్కడినుంచి అడుగులు దగ్గరవుతాయి. వేలు ఆగిన చోట మూకుడుపీత ఉంటుంది.