వేరుపనసమ్మ వెలసిన వైనం

విశాఖపట్నంలో కొండవాలున దిగే బళ్లవీధి చివర, ఆటోలు మలుపు తిరిగే చోట వేరుపనసమ్మ తల్లి కొలువై ఉన్నది. గుడి అంటే గోపురమేమీ లేదు. పనసచెట్టు మొదట్లో ఒక అరుగు, అరుగు మీద గరుకు రాయి, రాతికి పసుపు, అంతే. అక్కడి నుంచి రోడ్డుకు ఇరువైపులా జామ, నేరేడు, ఉసిరి, సీతాఫలం చెట్లు. వేటికీ కంచె లేదు. బస్సు కిటికీలోంచి చెయ్యి చాపితే జామకాయ అందుతుంది. అయినా పచ్చికాయను ఎవరూ తుంచరు. ఇదేం వింతమ్మా అని కొత్తవారు అడుగుతారు. అడగవలసిందే మరి.

పూర్వం ఇక్కడ రేవు సరుకు తోలే ఒంటెద్దు బళ్లవాళ్లు ఉండేవారు. ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి, ఎవరికీ పెరడన్నది లేదు. వారిలో దాలమ్మ అనే ఆవిడ ఒక పనసగింజ తెచ్చి వీధి మలుపులోనే పాతింది. బళ్లవాళ్ల పెద్ద బంగారయ్య ఆవిడకు వరసకు బావ. చూసి నవ్వాడట.

“ఏటే దాలమ్మా, వీధిలో ఏత్తన్నావు? కాయొస్తే నీకు దక్కుద్దేటి?”

“దారినపోయేవోడికి దక్కుద్ది గదా బావా. ఆడికి మాత్తరం నోరు లేదేటి?”

బియ్యం కడిగిన నీళ్లన్నీ ఆ మొక్కకే పోసింది. చెట్టయింది, పిందె వేసింది. అయితే పిందె కనబడితే చాలు, ఎవరో ఒకరు కోసుకుపోయి, పొట్టు కొట్టి, ఆవపెట్టి కూర వండేవారు. దురాశ అని అనలేము. నేనొగ్గేత్తే పక్కోడు కోసుకుపోడా అని ఇంటింటా అదే మాట. ఎవరిదీ కాని చెట్టుకు ఆ కంగారు ఎక్కువ. ఆ కంగారులో ఏళ్లు గడిచాయి గానీ చెట్టున ఒక్క పండూ పండలేదు. చివరికి, పండని చెట్టు ఎందుకు, బళ్లు తిరగడానికి అడ్డం, కొట్టేద్దాం అన్నారు. కూర తిన్న నోళ్లే ఆ మాటా అన్నాయి.

దాలమ్మ చెట్టును పట్టుకుని నిలబడింది. “ఒక్క ఏడు ఆగండర్రా. దీని పండు ఒకడు తింటంటే సూసి పోతాను.”

“ఇన్నేళ్లూ పండనిది ఇప్పుడు పండుతాదేటే, నువ్వడిగేవని?” అన్నాడు బంగారయ్య.

మరునాడు గొడ్డలి వేసుకుని బండి తోలుకొచ్చాడు. చెట్టు దగ్గరికి రాగానే ఎద్దు ఆగిపోయింది. అదిలించినా కదలదు. ముట్టె నేలకు ఆనించి వాసన చూస్తున్నది, గిట్టతో గీరుతున్నది. అప్పటికి వీధంతా ఒకటే పనసపండు వాసన. జనం కొమ్మల్లోకి చూశారు, ఏమీ లేదు. ఒకరి ఇళ్లలోకి ఒకరు తొంగిచూశారు. “నీ అటక మీద దాసేవేటే?” అని ఒకావిడ అంటే, “నీ మొగుడు తెచ్చీడేమో సూసుకో,” అని రెండో ఆవిడ అంది.

దాలమ్మ మాత్రం ఎద్దు చూసిన చోటే చూసింది. నేల బీటలు వారి ఉంది. మోకాళ్ల మీద కూర్చుని చేత్తో మన్ను తీసింది. లోపల వేరుకు కాసిన పండు, ఉబ్బి, పగిలి, బంగారు తొనలు కనబడుతున్నాయి. దాని అడుగున, పనస తొక్కలాగే బొడిపెలు తేలిన రాయి ఒకటి, రెండు కళ్లతో. ముదిరిన పనస వేరుకు కాస్తుందని తెలిసినవారు అంటారు. కావచ్చు. మరి కొట్టేయబోయే నాడే ఎందుకు పగిలిందో మాత్రం ఎవరూ చెప్పలేరు.

దాలమ్మ మొదటి తొన బంగారయ్యకే పెట్టింది. అతను నమిలి, గింజను పారేయకుండా గుప్పిట్లో పెట్టుకున్నాడు. పక్కనున్న ముసలమ్మ అన్నది: “మనం పొట్టు కొట్టుకున్నయ్యన్నీ ఇలాగయ్యేవే నాయనా.”

మరునాటి తెల్లవారుజామున తల్లి బంగారయ్య కలలోకి వచ్చింది. “మీకు అందకుండా దాచుకుంటే గాని నా పండు మీ నోటికి చేరలేదు. ఇకమీదట పైన కాయనా, కిందనే కాయనా?” అని అడిగింది. “పైనే కాయి తల్లీ, పండేదాకా ముట్టం,” అని నిద్రలోనే అన్నాడట. లేచి, బళ్లు అవతలి సందు గుండా తిప్పుకోమని చెప్పి, తానే అరుగు కట్టించి, ఆ రాయిని దాని మీద నిలిపాడు. అరుగు దాపున రెండో చెట్టు నాటినదీ అతనే. పాత చెట్టు కొమ్మన పండిన తొలి పండు ఒక బాటసారి తింటుంటే దాలమ్మ ఎదుట కూర్చుని చూసిందని చెబుతారు.

నేటికీ మొక్కు ఉన్నవారు ఇక్కడికి వచ్చి, నచ్చిన పిందెకు పసుపుదారం కట్టి వెళ్లిపోతారు. అది పండే వేళకు వారు ఏ ఊళ్లో ఉంటారో. ఎవరో ముఖం తెలియని మనిషి, ఆకలి మీద అటు వచ్చినవాడు, ఆ పండు తింటాడు. అతని కడుపు నిండిన ఘడియనే తమ మొక్కు తీరిందని ఇక్కడివారి నమ్మకం. ఆ ఘడియ ఎప్పుడో దారం కట్టినవారికి తెలియదు. ఇంట్లో ఏదో పని చేసుకుంటూ ఉండగా, కారణం లేకుండా మనసు చల్లబడితే, అదేనని అనుకోవాలి.