మూడో చువ్వ

కోరుట్లలో గజానందం అనే ఫోటోగ్రాఫర్ ఉండేవాడు. చేతిలో మంచి పనితనం ఉన్నా, ఎవరేమన్నా తన పని మీద తనకే అనుమానం పుట్టే మనిషి.

అతని స్టూడియోలో తూర్పు వైపు అడ్డచువ్వల కిటికీ ఒకటి ఉండేది. ఎవరొచ్చినా దాని పక్కనే నిలబెట్టేవాడు. "నవ్వండి" అనేవాడు కాదు. "పొద్దుగాల ఏం తిన్నరు?" అని అడిగి, వాళ్ళు జవాబు చెబుతుండగా బటన్ నొక్కేవాడు. ఇరవై ఏళ్ళుగా అదే కిటికీ, అదే వెలుతురు, అదే ప్రశ్న.

ఇంతలో ఎదురుగా కొత్త స్టూడియో వెలిసింది. అక్కడ కంప్యూటర్‌లో ముఖాలు తెల్లగా చేసేవారు, వెనక మంచుకొండలు పెట్టేవారు. "నీ ఫోటోలన్నీ ఒక్క తీరుగనే ఉంటయి గజానందం!" అని టీ కొట్టు దగ్గర ఎవరో ఎగతాళి చేశారు. పాపం, ఆ మాటతో అతనికి ముద్ద దిగలేదు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, తానూ ఒక కంప్యూటర్ కొన్నాడు. కిటికీకి అడ్డంగా చెక్క కొట్టేసి, దాని మీద తెర దించాడు.

ఆ వారమే సుగుణ తన కూతురు సంజనను తీసుకొచ్చింది. ఆమె భర్త లింబాద్రి మస్కట్‌లో తాపీ పని చేసేవాడు. పిల్లకు ఏడాది నిండకముందే వెళ్ళినవాడు మళ్ళీ రాలేకపోయాడు. అందుకని ఏటా పుట్టినరోజుకు సుగుణ పిల్లకు ఫోటో తీయించి, ఉత్తరంలో పెట్టి పంపేది. ఇది ఏడోది. గజానందం ముచ్చటపడి పిల్లను తెల్లగా చేశాడు, మంచుకొండల ముందు నిలబెట్టాడు, గడ్డం మీది పుట్టుమచ్చను కూడా తుడిచేశాడు.

ఇరవై రోజులకు స్టూడియోలో ఫోన్ మోగింది.

"గజానందమన్నా, నేను లింబాద్రిని. ఫోటో అందింది. గని కిటికీ ఏది అన్నా?"

"పాత కిటికీ ఎందుకు తమ్మీ? ఎనక మంచుకొండలు పెట్టిన గద!"

"కొండలతోని నాకేం పని? పోయినేడు బిడ్డ తల మూడో చువ్వ కింద ఉండె. ఈయేడు ఎంత పెరిగిందో నాకెట్ల తెలుస్తది? ఆరు ఫోటోలు గోడకు వరుసగ అతికిచ్చుకున్న. ఇది వాటి పక్కన పెడితే ఎవలో పరాయి పిల్ల లెక్క కనబడుతున్నది."

గజానందం తెర దించిన కిటికీ వైపు తిరిగి చూశాడు. తన కిటికీ ఒక తండ్రికి కొలబద్ద అయిందని అతనికి అప్పటిదాకా తెలియదు. సిగ్గుతో పాటు, చెప్పలేనంత సంతోషమూ కలిగింది. ఆ తండ్రి మీద జాలితో గుండె తరుక్కుపోయింది.

మర్నాడే చెక్క పీకేశాడు. సుగుణకు కబురు పెట్టి, సంజనను పాత చోటే నిలబెట్టాడు.

"పొద్దుగాల ఏం తిన్నవు బిడ్డా?"

"సర్వపిండి!" అంది పిల్ల. కెమెరా క్లిక్‌మంది.

కొన్నాళ్ళకు మళ్ళీ ఫోన్ మోగింది. "దాటింది అన్నా! మూడో చువ్వ దాటింది!" అని లింబాద్రి అరిచాడు. తర్వాత చాలాసేపు ఏడుపే వినిపించింది.

నీతి: ఎదుటివాడి మెరుపు చూసి మన తీరు వదులుకోకూడదు, మనకు పాతబడిందనిపించిన దాన్నే నమ్ముకున్నవాళ్ళు ఎక్కడో ఉంటారు.